ఇరవయ్యో పంపకం తర్వాత

రోజు 61

మూడో గట్టు మీద ఉన్న తొంభైనలుగురమూ రోజుకో పేజీ రాయాలని డాక్టర్ రుక్సానా ఆర్డరు. చెవిబిళ్ల తీసి పక్కన పెట్టి, సొంత బుర్రతో, సొంత చేత్తో రాయాలి. లేకపోతే బుర్రకి తుప్పు పడుతుందట. నా బుర్రకి తుప్పేటి, తోమిన ఇత్తడి చెంబులా ఉంది. అయినా ఆర్డరు కదా, రాస్తున్నాను.

పొద్దున గాలి జల్లెడలు దులిపాను. చంద్రుడి మీద దుమ్ము కాల్చిన టపాకాయ వాసనేస్తుందని కింద భూమ్మీద వాళ్ళకి చెబితే నమ్మరు. చెవిబిళ్ల ఉంటే ఏ జల్లెడ తర్వాత ఏది విప్పాలో, ఏ మర ఎటు తిప్పాలో అదే చెవిలో చెబుతూ ఉంటుంది. ఇవాళ పంతం కొద్దీ అది లేకుండా పనిచేశాను. నాలుగో జల్లెడ తర్వాత ఐదు వదిలేసి ఆరు విప్పాను. అది తుప్పు కాదు, తొందర.

సాయంత్రం లీగు ఆట. సాయంత్రం అంటే గడియారంలోనే. ఇక్కడ సూర్యుడు గట్టు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తాడే గానీ మునిగిందెక్కడ. నాలుగు గట్ల మీదా కలిపి ఇరవై ఆరు జంటలం, ఎవరి గట్టు మీద వాళ్ళు కూచుని తెర మీద బ్రిడ్జి ఆడతాం. చెవిబిళ్ల తీసి డబ్బాలో వేసి మూత బిగిస్తే గానీ బల్ల తెరుచుకోదు. రోజంతా అన్నీ అందించే ఆ బిళ్ల నోరు మూసుకునేది ఈ నాలుగు గంటలే. అందుకే నాకు ఈ ఆటంటే ప్రాణం.

నా జంట దాలినాయుడు. గట్టు కింద ఎండ సోకని చీకటిగొయ్యిలోకి, మంచు తవ్వి తేవడానికి, ఏ మంచుబండి ఎప్పుడు దిగాలో, ఏది ఎప్పుడు ఎక్కాలో పిలుపు గదిలో కూచుని పిలిచే మనిషి. యాభై తొమ్మిదేళ్ళు, అందులో ఇరవై రెండు ఇక్కడే గడిచాయి. పదకొండేళ్ళుగా కలిసి ఆడుతున్నాం, పదకొండేళ్ళుగా తిడుతున్నాను.

ప్రతి పంపకంలోనూ నా చేతిలో పదమూడు ముక్కలు, నాయుడి చేతిలో పదమూడు. ఒకరివి ఒకరికి కనపడవు. ఆటకి ముందు వంతుల వారీగా కాల్స్ చెప్పుకోవాలి, చేతిలో ఏముందో ఆ కాల్స్‌తోనే జంటకి అందించాలి. ఏ కాల్‌కి ఏం అర్థమో ముందే మాట్లాడుకోవచ్చు, తప్పులేదు. గుట్టుగా ఉంచుకుంటేనే తప్పు. మా ఇద్దరికీ తెలిసిన అర్థం ఎదుటి ఇద్దరికీ తెలియాలి. అందుకని మామూలు అర్థం లేని కాల్ చెప్పినప్పుడల్లా తెర మీద అలర్ట్ పెట్టె తెరుచుకుంటుంది. అందులో రాసింది ఎదుటివాళ్ళకే కనిపిస్తుంది, మన జంటకి కనిపించదు. లీగు ముగిసిన మర్నాడు పెట్టెలన్నీ తెరిచి ఊరందరికీ చూపిస్తారు.

మా ఒప్పందాల కార్డులో నలభై ఒక్క ఒప్పందాలున్నాయి. అన్నీ నా చేత్తో రాసినవే. నాయుడు ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు.

ఇవాళ సెమీఫైనల్ గెలిచాం. ఫైనల్ డెబ్బయ్యో రోజున, ఒకటో గట్టు హైమావతి గారి జంటతో. నాయుడికి ఆ సంతోషం కూడా లేదు. ఈమధ్య బాగా బద్ధకించాడు. మూడు గంటలు పిలుపు గదిలో కూచుని, కుర్చీ ఇంకొకరికి అప్పగించేసి, పోయి గోంగూర మడి దగ్గర చేరుతున్నాడు. వయసు మీద పడితే మనిషికి మొక్కల మీద ప్రేమ పుట్టుకొస్తుంది కాబోలు.

రోజు 63

ఒళ్ళు మండిపోతోంది. అక్షరాలు వంకరగా వస్తే నన్నేం అనకండి.

లీగులో ప్రతి ఆటనీ కనిపెట్టి చూసే ప్రోగ్రాం ఒకటుంది, పేరు సాక్షి. అది ఇవాళ మా జంటకి నోటీసు పంపింది. నోటీసులో ఉన్నది ఇంతే: "మీ ఇద్దరి మధ్య కార్డులో లేని ఒప్పందం ఒకటి ఉంది. దాన్ని పూర్తిగా వెల్లడించడం లేదు. ఫైనల్లోనూ ఇలాగే జరిగితే మీ జంటని లీగు నుంచి తీసేస్తాం." ఏ ఒప్పందమో చెప్పదు, ఏ పంపకంలోనో చెప్పదు. పెట్టెలు తెరిచేదాకా చెప్పకూడదట.

నలభై ఒక్క ఒప్పందాలు రాసినదాన్ని. ఎదుటివాళ్ళు అడక్కుండానే అలర్ట్ పెట్టేదాన్ని. నన్ను పట్టుకుని దాపరికం అంటుందా ఈ యంత్రం? అప్పుడు వెలిగింది. నోటీసు వచ్చింది జంటకి. జంట అంటే నేనొక్కదాన్నే కాదు. ఏదో కాల్‌కి అలర్ట్ రాయడం బద్ధకించి ఉంటాడు మా మహానుభావుడు.

సూటు మీద దుమ్ము కూడా దులుపుకోకుండా గోంగూర మడి దగ్గరికి పోయాను. పోయి అనాల్సినవన్నీ అన్నాను. పదకొండేళ్ళ పరువు పోయిందన్నాను, నీ బద్ధకం తగలెయ్య అన్నాను, పెట్టెలో నాలుగు మాటలు రాయడానికి వేళ్ళు అరిగిపోతాయా అన్నాను. నాయుడు పండిన ఆకులు ఒక్కొక్కటే గిల్లి బుట్టలో వేస్తూ అన్నీ విన్నాడు.

"నేను రాయాల్సింది రాస్తూనే ఉన్నాను పైడమ్మా. నువ్వు రాయాల్సింది చూసుకో," అన్నాడు చివరికి.

నా పేరు పైడితల్లి. పైడమ్మా అని పిలిచేది ఈయనొక్కడే. అంత నిమ్మళంగా అనేసరికి నాకు ఇంకా మండింది. రేపు ఈ లీగులో ఆడిన పన్నెండు మ్యాచ్‌లూ తీసి, తప్పు ఎవరిదో వేలు పెట్టి చూపించకపోతే అడగండి.

రోజు 64

చూపించాను. వేలు నా వైపే ఉంది.

పన్నెండు మ్యాచ్‌లు, మ్యాచ్‌కి ఇరవై నాలుగు పంపకాలు. పాత ఆటలు మళ్ళీ తెర మీద వేస్తే ముక్కలు కనిపిస్తాయి, కాల్స్ కనిపిస్తాయి, నేను పెట్టెల్లో రాసినవి కనిపిస్తాయి. నాయుడు రాసినవి మాత్రం కనపడవు. రెండు గ్లాసుల టీ అయ్యేసరికి దొరికింది.

మా కార్డులో ముప్పై మూడో ఒప్పందం పేరు తిప్పుడు. నాయుడు "ఒకటి నోట్రంప్" అని మొదలెట్టాడనుకోండి. నా దగ్గర ఇస్పేట్లు ఎక్కువుంటే నేను ఇస్పేటు అనను, కావాలనే "రెండు ఆఠీన్లు" అంటాను. నాయుడు "రెండు ఇస్పేట్లు" అని తిప్పుతాడు. అప్పుడు ఆట నాయుడు ఆడతాడు, అతని పెద్ద ముక్కలు ఎదుటివాళ్ళ కంటపడవు. మరి నేనే నేరుగా "రెండు ఇస్పేట్లు" అంటే, కార్డు ప్రకారం నా దగ్గర కళావర్లున్నాయని అర్థం. నేను కాల్ నొక్కగానే కార్డులోని అర్థం పెట్టెలోకి దానంతట అదే వచ్చి పడుతుంది. సరే అని నొక్కడమే నా పని.

ఈ లీగులో నాలుగుసార్లు నేను నేరుగా "రెండు ఇస్పేట్లు" అన్నాను. నాలుగుసార్లూ పెట్టెలో కళావర్లు అని పడింది, నాలుగుసార్లూ నేను సరే నొక్కాను. నాలుగుసార్లూ నా చేతిలో ఉన్నవి ఇస్పేట్లే.

ఈ ఆటలో బుకాయించడం తప్పు కాదు. లేని ముక్కలు ఉన్నట్టు కాల్ చెప్పొచ్చు. షరతు ఒక్కటే, ఎదుటివాళ్ళతో పాటు నా జంట కూడా మోసపోవాలి. నాయుడు కార్డుని నమ్మి "మూడు కళావర్లు" అనాలి. ఒక్కసారీ అనలేదు. నాలుగుసార్లూ పాస్ అన్నాడు, నా చేతిలో ఇస్పేట్లున్నట్టు చూసినవాడిలా. ఇద్దరికీ తెలిసి ఎదుటివాళ్ళకి తెలియకపోతే దాన్ని బుకాయింపు అనరు. దానికి వేరే పేరుంది, నా చేత్తో ఇక్కడ రాయలేను.

నాలుగూ ఇరవయ్యో పంపకం తర్వాతవే. అంతకు ముందు పంపకాల్లో ఇలాంటి ముక్కలు వచ్చినప్పుడల్లా కార్డులో ఉన్నట్టే తిప్పుడు ఆడాను. ఇలా ఆడాలని నేనెప్పుడు అనుకున్నాను? ఎప్పుడూ అనుకోలేదు. వేళ్ళు వాటంతట అవే నొక్కేశాయి. నిన్న ఆ మనిషిని నిలబెట్టి తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు నా ముందు వరసగా నిలబడ్డాయి. సిగ్గుగా ఉంది.

రోజు 65

ఎందుకలా ఆడానో నాకు తెలుసు. నిన్న రాయలేదు, ఇవాళ రాస్తాను.

నిరుడు ఒక మ్యాచ్‌లో, చివరి పంపకాల్లో, నేను తిప్పుడు ఆడాను. "రెండు ఆఠీన్లు" అన్నాను. నాయుడు పాస్ అన్నాడు. నా చేతిలో ఆఠీను ఒక్కటే ముక్క. చిత్తుగా ఓడాం. నోరు చేసుకున్నాను, అతను నవ్వేశాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ అదే జరిగింది. ఆ రోజు ఆట అయ్యాక చెవిబిళ్ల తీసుకుందామని అందరం డబ్బాల దగ్గరికి వెళ్ళాం. నాయుడు అరల ముందు నిలబడి, తన డబ్బా ఏదో గుర్తురాక, ఒక్కొక్క మూత మీద పేరు చదువుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళుగా అదే అర, అదే డబ్బా.

నేను చూపు తిప్పుకున్నాను. ఆ తర్వాత ఇరవయ్యో పంపకం దాటాక తిప్పుడు ఆడలేదు.

చెవిబిళ్ల ఉంటే నాయుడు ఏదీ మరిచిపోడు, అది అందిస్తుంది గదా. కానీ సూర్యుడి తుఫాను వచ్చిన రోజున బిళ్లలన్నీ మూగబోతాయి. అప్పుడు గొయ్యిలో ఉన్న పన్నెండు బండ్లనీ సొంత జ్ఞాపకంతో పిలిచి పైకి తేవాలి. వరస తప్పితే ఇరుకు దారిలో బండి బండికి అడ్డం పడుతుంది, లోపల మనుషులుంటారు. అందుకే పిలుపు గదిలో కూచునేవాళ్ళకి ఏడాదికోసారి బోడిచెవి పరీక్ష పెడతారు, నాలుగు గంటలు. ఈ ఏడు అది డెబ్బై ఐదో రోజున. తప్పితే తర్వాతి నౌకలో కిందికి పంపేస్తారు. నిరుడు రోప్‌వే అప్పలస్వామిని చేతులు వణుకుతున్నాయని అలాగే పంపేశారు. ఇరవై రెండేళ్ళు ఈ తేలిక నేల మీద నడిచిన ఎముకలు భూమ్మీద ఒక్క మెట్టు ఎక్కలేవు. నాయుడు దిగితే ఇక మంచమే.

సంగతి ఇదీ. ఫైనల్లో అలాంటి ముక్కల చెయ్యి మళ్ళీ వస్తే నేను పెట్టెలో నిజం రాయాలి. నిజం అంటే "నా జంట మరిచిపోతాడు" అని. మర్నాడు పెట్టెలు తెరుస్తారు. డాక్టర్ రుక్సానాకి బ్రిడ్జి పిచ్చి, ప్రతి పెట్టెనీ పేపరు చదివినట్టు చదువుతుంది. బోడిచెవి పరీక్ష పెట్టేది కూడా ఆవిడే. రాయకపోతే నేను దొంగని. రాస్తే నాయుణ్ణి నౌక ఎక్కించేది నేను.

రోజు 67

తప్పించుకునే దారులన్నీ వెతికాను, నా తెలివి తక్కువదేం కాదు.

మొదటి దారి, కార్డులోంచి తిప్పుడు కొట్టేయడం. ఫైనల్ జంటల కార్డులకి తాళం పడిపోయిందట, ఒక్క చుక్క మార్చకూడదు. రెండో దారి, అసలు ఆడకపోవడం. మెడ పట్టేసింది, ఫైనల్ వదిలేద్దామని నాయుడికి చెప్పాను. అతను నా మెడ వంక చూశాడు. మెడ ఎటు పట్టిందని అడిగాడు. కుడివైపు అన్నాను. మరి నిన్న ఎడమవైపు రుద్దుకున్నావేం అన్నాడు. ఈ ఫైనల్ తనకి కావాలని, నా మెడ ఊడినా సరే ఆడాల్సిందేనని తేల్చేశాడు.

మూడోది దారి కాదు, నా ఆశ. మంచుబండ్లకి చేపల పేర్లుంటాయి. మొదటి రోజుల్లో పిలుపు గదిలో కూచున్నవాడు మా భీమిలి వైపు మనిషి, అతని పుణ్యం. సాయంత్రం మడి దగ్గర ఇద్దరమూ బిళ్లలు తీసి కూచున్నప్పుడు, ఊరికే సరదాకి అన్నట్టు, బండ్ల వరస చెప్పమన్నాను. వంజరం, చందువ, కానాగంత, పండుగప్ప అంటూ గడగడా మొదలెట్టాడు. పదకొండు దాకా వచ్చి ఆగాడు.

"పన్నెండోది నువ్వు చెప్పు," అన్నాడు నవ్వి.

నెత్తళ్ళు అన్నాను. అదే అదే అన్నాడు. గోంగూర కట్ట ఒకటి నా ఒళ్ళో పెట్టాడు. పప్పులో వేసుకున్నాను. ఏ రుచీ తెలియలేదు.

రోజు 70

ఫైనల్ ఆడాం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మొదటి ఇరవై పంపకాలూ నా జీవితంలో ఎప్పుడూ అంత బాగా ఆడలేదు. ఏడో పంపకంలో హైమావతి గారి రాజుని బయటికి లాగిన తీరుకి నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఆవిడ ఆషామాషీ మనిషి కాదు, ముప్పై ఏళ్ళుగా ఆడుతోంది. నాయుడు కూడా దుమ్ము దులిపాడు. ఇరవై ఒకటి దాటేసరికి మేం పైన ఉన్నాం.

ఇరవై రెండో పంపకం. నాయుడు "ఒకటి నోట్రంప్" అన్నాడు. నా ముక్కలు చూసుకున్నాను. ఇస్పేట్లు ఆరు, ఆఠీను ఒకటి. వస్తే వచ్చిందిలే ఈ చెయ్యి అనుకున్నాను, ఇన్నాళ్ళూ దీని కోసమే కదా నిద్ర మానుకున్నది.

కాల్‌కి నలభై సెకన్లు టైము. తిప్పుడు ఆడి నాయుణ్ణి నమ్మడం ఒక పద్ధతి. నమ్మకం వేరు, తెలిసి గోతిలోకి తోయడం వేరు. మరిచిపోతే అందరి ముందూ మరిచిపోయినవాడు అతనవుతాడు, తెలిసీ ఆ కాల్ చెప్పినదాన్ని నేను. నేరుగా ఇస్పేట్లు అని, పెట్టెలో కళావర్లు పడనిచ్చి సరే నొక్కడం ఇంకో పద్ధతి. నాలుగుసార్లు చేసిందే. అప్పుడు తెలియక చేశాను, ఇప్పుడు తెలిసి చేయాలి. నా వల్ల కాలేదు.

"రెండు ఇస్పేట్లు" నొక్కాను. పెట్టెలో కళావర్లు అని పడింది. చెరిపేశాను. పెట్టెకి టైము లెక్క లేదు, నిదానంగా ఇది రాశాను: "కార్డు ప్రకారం కళావర్లు. కానీ ఇరవయ్యో పంపకం దాటాక నా జంట తిప్పుడు మరిచిపోతాడు. అందుకని నేను ఇస్పేట్లు ఉంటే ఇస్పేట్లే అంటాను, అతను పాస్ అంటాడు. ఇంతకు ముందు నాలుగుసార్లు ఇలా ఆడి ఎవరికీ చెప్పలేదు. తప్పు నాది, అతనిది కాదు." పంపేశాను.

హైమావతి గారు "అర్థమైంది" అని ఒక్క మాట పంపి పాస్ అన్నారు. నాయుడి వంతు. అతను పాస్ అన్నాడు, ఎప్పట్లాగే. ఆ పాస్ పక్కన పసుపు చుక్క వెలిగింది, అంటే పెట్టెలో ఏదో రాశాడన్నమాట. పాస్‌కి అలర్ట్ ఏమిటి, వేలు జారి ఉంటుంది అనుకున్నాను. ఇంతకు ముందూ ఇలాగే వెలిగేది, అప్పుడూ అలాగే అనుకునేదాన్ని.

రెండు ఇస్పేట్లంటే పదమూడు పట్లలో ఎనిమిది నేను గెలవాలి. సరిగ్గా ఎనిమిది చేశాను. మిగతా రెండు పంపకాలూ ఎలా ఆడానో గుర్తులేదు. మొత్తం మీద ఐదు పాయింట్లతో గెలిచాం. అరనిమిషం గెలిచాం. ఆ తర్వాత సాక్షి లెక్క వచ్చింది: నేనే ఒప్పుకున్న నాలుగు పంపకాలకీ రెండేసి చొప్పున ఎనిమిది పాయింట్లు కోత, జంట మాత్రం లీగులో ఉంటుంది. కప్పు ఒకటో గట్టుకి పోయింది.

నాయుడు డబ్బాల వైపు నడుస్తూ బాగా ఆడావు పైడమ్మా అన్నాడు. ఎందుకు ఓడామో అడగలేదు. నేను చెప్పలేదు. రేపు పెట్టెలు తెరుస్తారు. నాయుడన్నా, నన్ను క్షమించు.

రోజు 71

అందరికీ తెలుసు. నాలుగు గట్ల మీదా అందరికీ తెలుసు, నాకు తప్ప.

పొద్దున్నే పెట్టెలు తెరిచారు. ముందు నాది కాదు, నాయుడిది చూశాను. వేలు జారిన పసుపు చుక్కలో ఏ చెత్త ఉందో చూద్దామని. రెండో మ్యాచ్, ఇరవై ఒకటో పంపకం, నా "రెండు ఇస్పేట్లు" మీద అతని పాస్. పెట్టెలో ఇలా ఉంది:

"కార్డు చూసి కళావర్లనుకోకండి, అవి ఇస్పేట్లే. ఆట చివరికొచ్చేసరికి నాకు తిప్పుడు గుర్తుండటం లేదు. మా పైడితల్లి అది కనిపెట్టి, నాకోసం నేరుగా చెబుతోంది. నాకు తెలుసని ఆమెకి తెలీదు. దయచేసి ఆమెతో అనకండి."

మిగతా మూడు పంపకాల్లోనూ ఇవే మాటలు, అక్షరం పొల్లుపోకుండా, ముందే కాయితం మీద రాసి పెట్టుకుని దించినట్టు. నిన్నటి ఫైనల్లో మాత్రం పొట్టిగా ఉంది: "హైమావతి గారూ, పాత సంగతే."

సాక్షి నోటీసులో "పూర్తిగా" అన్న మాట ఎందుకుందో అప్పుడు అర్థమైంది. సగం అతను చెబుతూనే ఉన్నాడు. చెప్పని సగం నాది. హైమావతి గారి దగ్గర్నుంచి మెసేజి కూడా వచ్చింది. రెండో మ్యాచ్ తమతోనే కదా, అప్పట్నుంచీ ఒకటో గట్టు మొత్తం నోరు నొక్కుకుని కూచుందని, నిన్న నా పెట్టె చదివి ఏడ్చినంత పనైందని, వచ్చి కప్పులో టీ తాగి పొమ్మని రాసింది.

మడి దగ్గరికి ఎలా వెళ్ళానో తెలీదు. నాయుడు నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. నేను గుక్క తిప్పుకోకుండా అరిచాను. నాకెందుకు చెప్పలేదు, పదకొండేళ్ళు కలిసి ఆడినదాన్ని పరాయిదాన్ని చేశావా, నేను వారం రోజులు నిద్రపోలేదు, నిన్ను నౌక ఎక్కిస్తున్నానని చచ్చాను అన్నాను. అన్నీ అయ్యాక ఏడుపొచ్చింది. ఇక్కడ కన్నీళ్ళు గబుక్కున కిందికి జారవు, చెంప మీదే ఆగుతాయి, అదొక ఖర్మ.

నాయుడు గొట్టం కట్టేసి వచ్చి పక్కన కూచున్నాడు.

"చెబితే నువ్వు నన్ను తిట్టడం మానేస్తావు పైడమ్మా. ఇక్కడ అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు. ఒక్కరైనా గట్టిగా తిట్టే మనిషి ఉండాలనిపించింది."

మరి నౌక సంగతేమిటని అడిగాను. డాక్టర్ చదివేసి ఉంటుంది కదా అన్నాను. ఆవిడకి తనే స్వయంగా వెళ్ళి చెప్పి మూడు నెలలైందన్నాడు. అన్ని పరీక్షలూ చేసి, మూడు గంటల దాకా తన జ్ఞాపకం రాయిలా ఉంటుందని, ఆ తర్వాతే సడలుతుందని తేల్చిందట. అప్పట్నుంచీ మూడు గంటలే కుర్చీ. అంటే నేను బద్ధకం అన్నది అది.

రూలు ప్రకారం తప్పితే కిందికే కదా అన్నాను. అతను నా వంక అదోలా చూశాడు.

"రూల్ రెండో పేరా చదివావా?"

చదవలేదు. నలభై ఒక్క ఒప్పందాలు రాసినదాన్ని, ఆ రూలు మాత్రం నలుగురి నోటా విని నమ్మాను. ఇప్పుడు తెరిచి చదివాను. లోపం దాచినవాణ్ణి నౌక ఎక్కించాలి, ముందుగా చెప్పినవాడికి పని గంటలు తగ్గించి ఉంచుకోవాలి అని ఉంది. అప్పలస్వామిని పంపింది చేతులు వణికినందుకు కాదు, రెండేళ్ళు దాచినందుకు.

కప్పు పోయినందుకు బాధ లేదా అని నాయుణ్ణి అడిగాను. ఎందుకు లేదు, ఎనిమిది పాయింట్లు తగలేశావు అన్నాడు. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. బుట్టలో ఉన్న గోంగూర మొత్తం తీసుకుని వచ్చేశాను.

రోజు 75

బోడిచెవి పరీక్ష. పిలుపు గది అద్దం బయట నిలబడి చూశాను, నా జల్లెడలు ఒక పూట ఆగుతాయిలే అని. నాయుడు చెవిబిళ్ల తీసి డాక్టర్ రుక్సానా చేతిలో పెట్టి కుర్చీలో కూచున్నాడు. ఈసారి వరస నెత్తళ్ళతోనే మొదలెట్టి వెనక నుంచి ముందుకి చెప్పాడు. పన్నెండు బండ్లూ దిగాయి, పన్నెండూ ఎక్కాయి. సరిగ్గా మూడు గంటలకి, ఎవరూ చెప్పకముందే, లేచి కుర్చీ పక్కవాడికి ఇచ్చాడు. డాక్టర్ కాయితం మీద సంతకం పెట్టింది. మూడు గంటలకి పాస్.

సాయంత్రం కార్డు తాళం తీశారు. నేను కార్డు తెరిచి, కలం నాయుడి చేతిలో పెట్టాను. నీ చేతిరాత బాగుంటుంది నువ్వే రాయి అని గునిశాడు. పదకొండేళ్ళు రాశాను, ఇది నీది అన్నాను. వంకర అక్షరాలతో, నాలుక కొరుక్కుంటూ, చాలాసేపు రాశాడు:

"నలభై రెండు. ఇరవయ్యో పంపకం తర్వాత దాలినాయుడు తిప్పుడు మరిచిపోతాడు. అప్పుడు పైడితల్లి ఉన్నది ఉన్నట్టు చెబుతుంది."

కలం నేను తీసుకున్నాను. కింద ఒక్క వాక్యం చేర్చాను.

"ఇద్దరికీ తెలుసు."